పులస కోసమా, రొయ్య కోసమా? ఫ్రీజర్ కొనే ముందు తేల్చుకోవాల్సింది

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంట్లో నేనూ మావారూ ఇద్దరమే. పిల్లలు హైదరాబాదులో ఉంటారు. మా మరిదిగారికి రొయ్యల చెరువులున్నాయి. పట్టుబడి అయినప్పుడల్లా పది కేజీలు పంపిస్తారు. ఇరుగుపొరుగుకు పంచగా మిగిలింది మా సింగిల్ డోర్ ఫ్రిజ్ పైఅరలో కుక్కుతాను. పోయినేడు ఆగస్టులో వేలు పోసి పులస కొని, సంక్రాంతికి పిల్లలొస్తే పెడదామని సగం దాచాను. భోగి నాడు తీసి పులుసు పెడితే ఒకటే ముక్కిపోయిన వాసన, ఎవరూ ముద్ద నోట పెట్టలేదు. దాంతో విడిగా ఫ్రీజరే కొనేద్దామని మావారు పట్టుబట్టారు. భీమవరంలో షాపతను 300 లీటర్ల గాజు మూతది తీసుకోమంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా చెల్లెలేమో నిలువుది, మంచు పట్టనిది కొనుక్కో అక్కా అంటోంది. నాకు మోకాళ్ల నొప్పులు. తుపానొస్తే మాకు రెండ్రోజులు కరెంటుండదు. ఏది కొనాలి, ఎంతది కొనాలి? పచ్చి బఠాణీ, మామిడికాయ ముక్కలు, చింతచిగురు, జున్నుపాలు కూడా దాచుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ పులస సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే మీరు ఫ్రీజర్ కొంటున్నదే దాని కోసమైతే కొనకండి. ఎంత ఖరీదైన ఫ్రీజరైనా ఆగస్టు పులసను సంక్రాంతి దాకా పులసలా ఉంచలేదు.

మీ దగ్గర రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకటి ఫ్రిజ్‌ది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐస్ పెట్టె నీళ్లను గడ్డకట్టిస్తుంది, అంతవరకే. నెలల తరబడి దాచడానికి కావలసింది మైనస్ 18 డిగ్రీలు, అదీ ఎండాకాలంలో కూడా కదలకుండా ఉండాలి. ఆ పెట్టె చాలా ఇళ్లలో అంత చల్లదనానికి పోదు, పోయినా నిలవదు. మీరు పాల కోసం, కూరల కోసం తలుపు తీసిన ప్రతిసారీ అది కాస్త వేడెక్కుతుంది. దీన్ని కనిపెట్టడానికి పరికరాలేం అక్కర్లేదు. ఐస్‌క్రీం డబ్బా ఒకటి ఒక రాత్రి అందులో ఉంచి పొద్దున్నే చెంచా గుచ్చండి. చెంచా సులువుగా దిగిందంటే అక్కడ మైనస్ 18 లేనట్టే.

రెండో తప్పు చేపది, లేదా చేప గొప్పతనానిది. పులసకు అంత రుచి రావడానికి కారణం దాని కొవ్వు. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే చేప ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వును ఒంట్లో దాచుకుని బయల్దేరుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారంటే ఆ కొవ్వు చలవే. మైనస్ 18 దగ్గర సూక్ష్మక్రిములు పెరగడం ఆగిపోతుంది కానీ, కొవ్వు గాలితో కలిసి ముక్కిపోవడం మాత్రం ఆగదు, నెమ్మదిస్తుంది. అందుకే కొవ్వెక్కువ ఉన్న చేపలకు మంచి ఫ్రీజర్లోనూ రెండు మూడు నెలలే గడువు. కొవ్వు తక్కువున్న కొరమీను లాంటివైతే ఆరు నెలలు బాగానే ఉంటాయి. మీ పులస ఉన్నది ఐదు నెలలు, అదీ ఐస్ పెట్టెలో. భోగి నాటికి చేప పాడై రోగం తెచ్చే స్థితిలో ఉందని నేననను. రుచి మాత్రం అప్పటికే పోయింది. ఆగస్టులో వచ్చినదాన్ని దసరా లోపు తినేసే లెక్కన దాచుకోండి. ఒకసారి పిల్లలనే వినాయక చవితికి రమ్మంటే ఇంకా మేలు.

ఇక రొయ్య. మీ ఉత్తరంలో ఫ్రీజర్ కొనడానికి అసలైన కారణం ఇదే, పులస కాదు. షాపతను మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది. అతను ‘ఇంట్లో ఎంతమంది’ అని అడిగి ఉంటాడు. అడగాల్సింది ‘ఒక్కరోజులో ఎన్ని కేజీలు వస్తుంది’ అని.

ఫ్రీజర్ పనులు రెండు. గడ్డకట్టిన సరుకును గడ్డగానే ఉంచడం సులువైన పని. బయటి నుంచి వచ్చిన వెచ్చని సరుకును గడ్డకట్టించడం కష్టమైన పని. మొదటి పనికి ఎంత ఫ్రీజర్ కావాలో చూస్తే మీకు వంద లీటర్లది సరిపోతుంది. రొయ్యలు పది కేజీలు, బఠాణీ ఐదు, కొరమీను నాలుగు, మామిడి ముక్కలు నాలుగు, చింతచిగురు, కొబ్బరి, జున్నుపాలు ఇంకో నాలుగైదు కేజీలు అనుకోండి. అంతా కలిపి ముప్ఫై కేజీల లోపు. ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల చోటులో మన ఇళ్లలో సర్దుకునే తీరున పది పన్నెండు కేజీలు పడతాయి. వంద లీటర్లంటే మూడున్నర ఘనపుటడుగులు, ముప్ఫై ఐదు కేజీల చోటు. సరిపోయింది.

రెండో పనికొస్తే లెక్క తిరగబడుతుంది. ఒక్కరోజులో కొత్తగా పెట్టే సరుకు ప్రతి 28 లీటర్లకు కేజీ, మహా అయితే కేజీంబావు దాటకూడదు. అంటే వంద లీటర్ల ఫ్రీజర్లో రోజుకు నాలుగు కేజీలు, 200 లీటర్లదైతే ఏడు నుంచి తొమ్మిది కేజీలు. మీ పది కేజీల రొయ్యను వంద లీటర్లదాంట్లో ఒకేసారి దించితే లోపలున్న పాత సరుకు సగం కరుగుతుంది, కొత్తది గడ్డకట్టడానికి రెండు రోజులు తీసుకుంటుంది. ఈ ఆలస్యమే రొయ్యకు చేటు. మైనస్ ఒకటి నుంచి మైనస్ ఐదు మధ్య గడ్డకట్టే వేళ ఎంత సాగితే కండలో మంచు పలుకులు అంత పెద్దవవుతాయి. అవి కండను చీలుస్తాయి. తీసి కరిగించినప్పుడు గిన్నెలో నీళ్లు నిండి, రొయ్య పీచులా అయిపోయేది అందుకే. మీ చుట్టుపక్కల ఎగుమతి ప్లాంట్లలో మైనస్ 35, మైనస్ 40 డిగ్రీల పలకల మధ్య పెట్టి గంటల్లో గడ్డకట్టించి, ఆ తర్వాత మాత్రమే మైనస్ 18, 20 దగ్గర నిల్వ పెడతారు. ఇంట్లో ఆ పలకలు ఉండవు కాబట్టి చోటు ఎక్కువ, సరుకు తక్కువ అన్నదే మనకున్న ఉపాయం.

కాబట్టి మీకు నా సలహా 200 లీటర్లది. రొయ్య వచ్చిన రోజు పంచగా ఏడెనిమిది కేజీలు మిగిలితే ఒకే విడతలో పెట్టేయొచ్చు. అంతకు మించితే మిగిలిందాన్ని ఐసులోనే ఉంచి మర్నాడు పెట్టండి. చెరువు గట్టు మీద ఐసుకు కొదవుండదుగా. మామూలు రోజుల్లో సగం ఖాళీగా ఉంటుందే అంటారా? ఆ ఖాళీని మంచినీళ్ల సీసాలతో నింపేద్దాం, తుపాను మాట వచ్చినప్పుడు చెబుతాను.

300 లీటర్ల గాజు మూతది మాత్రం వద్దు. అది ఐస్‌క్రీం అమ్ముకునేవాళ్ల కోసం చేసింది. లోపలేముందో కొనేవాడికి కనపడాలి, అందుకే గాజు. గాజులోంచి లోపలికి పోయే వేడి, మందపాటి గట్టి మూతలోంచి పోయేదానికంటే చాలా ఎక్కువ. దాన్ని బయటకు తోడడానికి మోటారు అదనంగా తిరగాలి, ఆ బిల్లు మీరు కట్టాలి. కరెంటు పోయినప్పుడు ముందు కరిగేదీ అదే. షాపులో అడిగేటప్పుడు ‘హార్డ్ టాప్ చెస్ట్ ఫ్రీజర్’ అనండి, అంటే పైన గట్టి మూత ఉండే పెట్టె లాంటిది. వోల్టాస్, బ్లూ స్టార్, హయర్ లాంటి కంపెనీలు ఇళ్లకు సరిపోయే సైజుల్లో వీటిని అమ్ముతాయి. పేరు కంటే, మీ ఊరికి వచ్చి రిపేరు చేసే మనిషి ఏ కంపెనీకి ఉన్నాడో కనుక్కోవడం ముఖ్యం.

మీ చెల్లెలి మాటలో న్యాయం ఉంది కానీ అది డాలస్ న్యాయం. నిలువు ఫ్రీజర్లో అరలుంటాయి, ఏది ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంది, నడుం వంచక్కర్లేదు. అయితే తలుపు తీయగానే బరువైన చల్లగాలి కిందికి జారి కాళ్ల మీద పడిపోతుంది. పెట్టెలా ఉండేదాంట్లో మూత తీసినా చల్లగాలి గుంటలో నీళ్లలా అక్కడే ఉంటుంది. పైగా మంచు పట్టనిదంటే, లోపల ఒక ఫ్యాను, ఒక హీటరు ఉన్నాయన్నమాట. హీటరు కాసేపు వెలిగి, పేరుకున్న మంచును కరిగించి ఆరిపోతుంది. ఆ వేళ లోపలి వేడి కాస్త పెరిగి మళ్లీ తగ్గుతుంది. అదలా పెరుగుతూ తగ్గుతూ ఉంటే చిన్న మంచు పలుకులు కలిసి పెద్దవవుతాయి. ఫ్యాను గాలికి సరిగా చుట్టని ముక్కలు అంచులు తెల్లబడి, ఎండి, చెక్కలా తయారవుతాయి. కరెంటు పోని ఊళ్లో, వారానికోసారి సామాన్లు తెచ్చుకునే ఇంట్లో అదే సుఖం. మీకు చెస్ట్ ఫ్రీజరే నయం.

మోకాళ్ల సంగతి మాత్రం కొట్టిపారేయను. చెస్ట్ ఫ్రీజర్‌కు మోకాళ్లు వంచక్కర్లేదు, నడుం వంచాలి. అదే ఇబ్బందైతే అడుగున అరడుగు ఎత్తు సిమెంటు దిమ్మె కట్టించి దాని మీద పెట్టించండి. మీ ఊళ్లో వరద నీళ్లు ఇంట్లోకొచ్చే సందర్భాలకు కూడా అది అవసరమే. పైన వేలాడే వైరు బుట్టలో ఈ వారం వాడుకునేవి పెట్టుకోండి. కింద ఉన్నవాటిని విడివిడిగా గుడ్డ సంచుల్లో వేయండి, రొయ్యకు ఒక రంగు, కూరగాయలకు ఇంకో రంగు. సంచి చెవులు పట్టుకుని పైకి లాగితే చాలు, గడ్డల మధ్య చేతులు పెట్టి దేవులాడనక్కర్లేదు. రెండూ చేసినా నడుం సహకరించదంటే, అప్పుడు సొరుగులున్న నిలువు ఫ్రీజరే తీసుకోండి. వాడలేని ఫ్రీజర్లో అడుగున పడ్డ సరుకు ఎలాగూ అక్కడే ముసలిదైపోతుంది.

షాపులో మూడు విషయాలు చూసుకోండి. వెనకో పక్కనో అంటించిన రేటింగ్ ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ అని ఒక అక్షరం ఉంటుంది. ‘టీ’ అని ఉంటే 43 డిగ్రీల ఎండ దాకా పనిచేసేలా చేశారని. ‘ఎస్‌టీ’ అయితే 38 దాకా, ఒట్టి ‘ఎన్’ అయితే 32 దాకానే. మన మే నెల సంగతి తెలిసిందే కదా, ‘టీ’ లేనిది తీసుకోవద్దు. రెండోది, బీఈఈ లేబులు మీద చుక్కలు లెక్కపెట్టి ఊరుకోకుండా కింద ఏడాదికి ఎన్ని యూనిట్లని వేశారో చూడండి. ఆ చుక్కలు కరెంటు పొదుపుకు సంబంధించినవి, చల్లదనానికి కాదు. ఫైవ్ స్టార్ అంటే ఎక్కువ గడ్డకట్టిస్తుందని షాపులోనే కొందరు చెబుతుంటారు, నమ్మకండి. ఈ సైజువి రోజుకు ఒక యూనిట్ అటూఇటూగా తింటాయి, ఎండల్లో ఇంకాస్త. నెలకు ముప్ఫై నలభై యూనిట్లు పెరిగితే మీ బిల్లు పై శ్లాబులోకి పోతుందేమో పాత బిల్లు ఎదురుగా పెట్టుకుని చూసుకోండి. మూడోది, ఫ్రిజ్‌గానూ ఫ్రీజర్‌గానూ మార్చుకునే స్విచ్ ఉన్నవి ఎక్కువగా అమ్ముతున్నారు. తీసుకోండి, తప్పులేదు. తెచ్చిన రోజే ఆ స్విచ్ ఫ్రీజర్ వైపు పెట్టి మీద టేపు అంటించేయండి. సెలవులకొచ్చిన మనవలకు అలాంటి స్విచ్చులంటే మహా సరదా.

ఇప్పుడు కరెంటు. దీని గురించి మీరు పడుతున్న బెంగలో సగం అనవసరం. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తీయకపోతే రెండు రోజులు, సగం నిండినదైతే ఒక రోజు నిలుస్తుందని చెబుతారు. మన ఎండలకు, ఉక్కకు అందులో కొంత తగ్గించుకోండి. అయినా మూడు నాలుగు గంటల కోత దానికో లెక్క కాదు. అందుకని దాన్ని ఇంటి ఇన్వర్టర్‌కు తగిలించే పని పెట్టుకోకండి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అప్పుడే చతికిలపడుతుంది. తట్టుకున్నా, మామూలు 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేదంతా కలిపితే రెండు యూనిట్ల లోపు. ఆ చీకట్లో అది ఫ్యాన్లకూ దీపాలకూ కావాలి. షాపతను ‘ఇన్వర్టర్ కంప్రెసర్’ అంటే దీనితో కలిపి చూసుకోవద్దు. అది అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే మోటారు. కాస్త ఖరీదెక్కువ, యూనిట్లు తక్కువ, మొదలయ్యేటప్పుడు లాగుడూ తక్కువ. చేతిలో డబ్బుంటే దానికి పెట్టడం దండగ కాదు.

స్టెబిలైజర్ కావాలా అంటే, ఎంత ఓల్టేజీ నుంచి ఎంత దాకా తట్టుకుంటుందో మీ మోడల్ పుస్తకంలో రాసి ఉంటుంది. మీ ఊళ్లో ఆక్వా మోటార్లు, ఏరేటర్లు తిరిగే రాత్రివేళ ఓల్టేజీ ఎంతకు పడుతోందో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించి, దాన్ని బట్టి తేల్చుకోండి. కరెంటు పోతూ వస్తూ దోబూచులాడే రోజుల్లో ప్లగ్ పీకేసి, నిలకడగా వచ్చాక ఐదు నిమిషాలాగి పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. గోడకు విడిగా సాకెట్, సరైన ఎర్త్ ఉండాలి. చేతులు తడిగా ఉండే పని ఇది.

అసలు గండం తుపానుది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డాక ఎన్నో వీధుల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటప్పుడు కాపాడేది ముందు రోజు చేసే ఏర్పాటే. తుపాను హెచ్చరిక వినగానే నాబ్‌ను అన్నిటికంటే చల్లగా ఉండే గుర్తు దగ్గర పెట్టండి. ఖాళీ జాగాలన్నీ నీళ్ల సీసాలతో నింపండి. సీసాలు మెడ దాకా నింపొద్దు, గడ్డకట్టేటప్పుడు నీరు పదో వంతు దాకా ఉబ్బుతుంది. మామూలు రోజుల్లోనూ ఆ సీసాలు అందులోనే ఉంచుకుంటే సగం ఖాళీ ఫ్రీజర్ నిండు ఫ్రీజర్‌తో సమానం. కరెంటు రాని మూడో రోజుకు అవే మీకు తాగే నీళ్లు.

ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, గడ్డ మీద రూపాయి బిళ్ల పెట్టి, ఫ్రీజర్లోనే ఉంచి హైదరాబాదు వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే నిశ్చింత. గిన్నె అడుగున ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. చూడ్డానికి రొయ్య రాయిలానే ఉంటుంది, మోసపోకండి, పారేయండి. మీ కళ్ల ముందే కరిగితే ఇంకోలా ఆలోచించొచ్చు. ముక్కల మధ్య ఇంకా మంచు పలుకులుంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. పూర్తిగా మెత్తబడినా ఇంకా ఫ్రిజ్ చల్లదనంలోనే ఉందనిపిస్తే వెంటనే వండేయండి. వెచ్చబడి రెండు గంటలు దాటిన చేపనూ మాంసాన్నీ పిల్లికి కూడా పెట్టొద్దు. ఫ్రీజర్ క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుందంతే.

సరుకు సర్దడం గురించి కొంచెం ఓపిగ్గా వినండి, ఎందుకంటే మిషను ఎంత మంచిదైనా ఫలితం మీ చేతిలోనే ఉంటుంది. రొయ్యకు తల తీసేయండి. నల్లమచ్చలూ మెత్తదనమూ అక్కడి నుంచే మొదలవుతాయి. పొట్టు మాత్రం ఉంచండి, అది తేమ పోకుండా కాపాడుతుంది. ఒక పూటకు వండుకునేంత, అంటే అరకేజీ చొప్పున జిప్ కవర్లలో వేయండి. బకెట్ నిండా నీళ్లు పెట్టుకుని, కవరు నోరు కాస్త తెరిచి ఉంచి మెల్లగా నీళ్లలోకి దించండి. నీటి ఒత్తిడికి గాలంతా పైకి పోయి కవరు రొయ్యలకు అతుక్కుంటుంది. అప్పుడు నోరు మూసేయండి. వ్యాక్యూమ్ మిషను లేకుండానే ఆ పని అయిపోయినట్టు. కవరును అంగుళం మందం దాటకుండా పలకలా పరిచి, మొదటి రాత్రి ఫ్రీజర్ గోడకు ఆనించి నిలబెట్టండి. చెస్ట్ ఫ్రీజర్లో చల్లదనం గోడల్లోంచే వస్తుంది. మర్నాటికి అవి పలకల్లా అవుతాయి, పుస్తకాల్లా పేర్చుకోవచ్చు. ఇంకా బాగా ఉండాలంటే, గడ్డకట్టిన రొయ్యను ఐసు నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి మళ్లీ పెట్టండి. పైన పల్చటి మంచు పొర ఏర్పడి గాలి తగలనివ్వదు. ప్లాంట్లలో గ్లేజింగ్ అనేది ఇదే. ఇలా పెట్టిన రొయ్య నాలుగైదు నెలలు హాయిగా తినొచ్చు. కవరు మీద తారీఖు రాయండి. స్కెచ్ పెన్నుతో ముందు రాసి తర్వాత కవరు నింపాలి, తడి కవరు మీద ఇంకు నిలవదు.

ఒకవేళ వ్యాక్యూమ్ మిషను కొన్నా, చేపను కరిగించేటప్పుడు ఆ కవరును కత్తిరించి తెరిచి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. గాలి లేనిచోట పెరిగే ప్రమాదకరమైన క్రిమి రకం ఒకటి ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరగగలదు.

బొచ్చె, శీలావతి లాంటివి దాచకండి. భీమవరం పక్కనుండి కూడా వాటిని ఫ్రీజర్లో పెట్టుకోవడమెందుకు? ఏడాదంతా తాజాగా దొరుకుతాయి కదా. కోడీ అంతే. సీజనుతో పోయేవాటికే చోటివ్వండి.

పచ్చి బఠాణీ చలికాలంలో చవగ్గా ఉన్నప్పుడు ఒలిచి, మరిగే నీళ్లలో నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు వేసి, వెంటనే ఐసు నీళ్లలో అంతే సేపు ఉంచండి. ఇది చేయకపోతే గింజలోని ఎంజైములు చలిలో కూడా పని మానవు. రెండు మూడు నెలలకు రంగు చచ్చి గడ్డి వాసనేస్తుంది. గుడ్డ మీద ఆరబెట్టి, పళ్లెంలో పల్చగా పరిచి గడ్డకట్టాక సంచిలో పోస్తే గింజకు గింజ అంటదు, పిడికెడు కావాలంటే పిడికెడే వస్తుంది. పది నెలలకు ఢోకా లేదు. మామిడికాయ ముక్కలకు ఈ ఉడుకు అక్కర్లేదు, పుల్లటి కాయ ముక్కలు కోసి అలాగే పెట్టేయండి. కార్తీకంలో మామిడికాయ పప్పు తినొచ్చు. చింతచిగురును చేతులతో నలిపి, పొడి బాణలిలో చెమ్మ పోయేలా కాసేపు వేయించి, చల్లారాక చిన్న ముద్దలుగా కట్టుకోండి. రొయ్యల్లోకి ఒక ముద్ద లెక్క. గోంగూరకూ ఇదే పద్ధతి. కొబ్బరి తురుము కొవ్వు సరుకు, ఆరు నెలలు దాటనివ్వకండి. జున్నుపాలు మొదటి రోజువే సీసాలో ముప్పావు వంతు నింపి పెట్టుకోవచ్చు. రెండు నెలల్లోపు వాడుకోండి, ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించి కరగనివ్వండి, పొయ్యి మీద వద్దు.

ఆవకాయకు ఫ్రీజర్ అవమానం. పెరుగు విరిగి నీళ్లూ పిప్పీ వేరవుతాయి, బంగాళాదుంప ఉన్న కూరలు ఇసకలా అవుతాయి, పెంకుతో గుడ్లు పగులుతాయి. బొంబాయి రవ్వ, శనగపిండి లాంటివి నాలుగైదు రోజులు ఫ్రీజర్లో ఉంచి తీస్తే లోపలి పురుగు గుడ్లు చస్తాయి. తీశాక సంచి మూతి విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే చెమ్మ పట్టి ఉండలు కడుతుంది.

మంచు పేరుకోవడం మీ తేమ గాలికి తప్పదు. గోడల మీద చిన్నవేలు మందంలో సగం పేరుకుందంటే దించాల్సిందే. పులసలు రాకముందు, జూన్ నెలాఖరులో సరుకు తక్కువున్నప్పుడు ఆ పని పెట్టుకోండి. ప్లగ్ తీసి, మూత తెరిచి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి, అడుగున ఉండే బిరడా తీస్తే నీళ్లు పోతాయి. కత్తిపీటతోనూ స్క్రూడ్రైవర్‌తోనూ పొడవకండి. గోడల్లోపలే గ్యాసు గొట్టాలుంటాయి, వాటికి చిల్లు పడితే ఫ్రీజర్ సంగతి అటుంచి, ఇప్పుడొచ్చే చాలా మోడళ్లలో నింపే ఆర్ 600ఏ, ఆర్ 290 గ్యాసులకు మంటంటుకునే గుణం ఉంది.

చివరగా, ఇంటికొచ్చిన రోజు. ఎండ పడని, పొయ్యికి దూరంగా ఉండే గదిలో, గోడకు జానెడు ఎడంగా పెట్టించండి. పక్కలు వేడిగా తగులుతాయి, లోపలి వేడి బయటికి పోయే దారి అదే, భయపడి మీద దుప్పటి కప్పకండి. ఆటోలో పక్కకు వాల్చి తెచ్చి ఉంటే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టండి. ఒక రోజంతా ఖాళీగా తిప్పండి. ఫ్రీజర్‌లో పెట్టుకునే చిన్న థర్మామీటరు కొన్ని వందల్లోనే దొరుకుతుంది, దాన్ని మధ్యలో వేలాడదీయండి. మర్నాడు పొద్దున అది మైనస్ 18 చూపిస్తే మీ మరిదిగారికి ఫోన్ చేయండి. చూపించకపోతే షాపతనికి చేయండి.